ప్రాక్టికల్‌కి శవం కావాలి

బేబీరాణి చచ్చిపోయిందన్న కబురు హార్బరు అవతలి ఒడ్డు నుంచి బాంబూఫ్లాట్ ఫెర్రీ మీద వచ్చింది. మోసుకొచ్చింది నూకన్న అక్క గురువమ్మ. ఆదివారం మధ్యాహ్నం డిగ్నాబాద్ సందు మొదట్లోనే ఆవిడ గొంతెత్తింది. వెనక మరికొందరు ఆడవాళ్లు వంత పాడారు. దీవికి వలసొచ్చి ఆ సందులో ఉంటున్న బెంగాలీలు, తమిళులు, రాంచీవాళ్లు తలుపులు తీసి చూశారు. ఏడుపు ఏ భాషలో ఉన్నా అందరికీ అర్థమవుతుంది కనక ఎవరూ ఏమీ అడగలేదు.

నూకన్న అప్పుడే జంగ్లీఘాట్ జెట్టీ నుంచి వచ్చి, ఒళ్లు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడు. ఎవరింట్లోనో ముసలివాళ్లు పోయారనుకున్నాడు. ఏడుపు తన గుమ్మం దగ్గరే ఆగేసరికి లేచి బయటికి వచ్చాడు. పోయింది అతని కూతురేనని అక్క అతన్ని పట్టుకుని చెప్పింది. కూతురు లోపల పొయ్యి దగ్గర చేపముక్కలు తిరగేస్తోంది.

అట్లకాడ చేత్తో పట్టుకునే బేబీరాణి గుమ్మంలోకి వచ్చింది. ఎవరు పోయారత్తా అని అడిగింది.

గురువమ్మ వెంటనే ఆపలేదు. సముద్రం దాటించి తెచ్చిన ఏడుపు ఒక్కసారిగా ఆగదు. ఇంకో రెండు శోకాలు పెట్టి, కళ్లు తుడుచుకుని, మేనకోడల్ని కిందనుంచి పైదాకా చూసింది. ముందుకొచ్చి చెంప మీద ఒకటిచ్చింది.

"బతికే ఉన్నావేటే ముండా. మరి ఆ పోటోలో సచ్చింది ఎవులే?"

ఫోటో గురువమ్మ మనవడి ఫోనులో ఉంది. కాలేజీ వాళ్లు పెట్టుకున్న పేజీలోంచి ఎవడో తీసి కులం వాళ్ల వాట్సాప్‌లోకి పంపాడు. దాని కింద చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టాడు. ఆ తర్వాత చూసిన ప్రతివాడూ అలాంటి బొమ్మే పెడుతూ పోయాడు. ఒక్కడూ నూకన్నకి ఫోను చేసి అడగలేదు. చచ్చిన పిల్ల తండ్రికి ఫోను చేసి ఏమని అడుగుతారు.

నూకన్న ఆ ఫోను తీసుకుని చాలాసేపు చూశాడు. నేల మీద బేబీరాణి. మెడదాకా తెల్ల దుప్పటి. కళ్లు మూసుకుని ఉంది. తల దగ్గర ఒక ఆడపిల్ల నెత్తి కొట్టుకుంటోంది. చుట్టూ కుర్రాళ్లు. ఒకడి చేతిలో టేపు, ఒకడి చేతిలో కెమెరా, ఇంకొకడి చేతిలో పెద్ద భూతద్దం. దుప్పటి కిందనుంచి బయటికి వచ్చిన పాదాల బొటనవేళ్లు రెండూ కలిపి తెల్ల దారంతో కట్టి ఉన్నాయి. వెనక గోడ మీద బ్యానరు. దాని మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది.

ఏం రాసుందని కూతుర్ని అడిగాడు.

"నేరశాస్త్ర విద్యలో ముందడుగు వేస్తున్న మహిళలు" అని చదివి చెప్పింది బేబీరాణి. చెప్పి లోపలికి వెళ్లి పొయ్యి ఆపింది. అడుగు ముక్కలు మాడాయి.

బతికున్న మనిషిని శవంలా పడుకోబెడితే ఇంటికి కీడని, పసుపునీళ్లు పోసి దిష్టి తియ్యాలని గురువమ్మ పట్టుబట్టింది. ఒక బకెట్టు నీళ్లు తెప్పించి, పెరట్లో మేనకోడల్ని నిలబెట్టి నెత్తిమీంచి గుమ్మరించింది. ఇంకెప్పుడైనా అలా పడుకుంటే కాళ్లు విరగ్గొడతానంది. తడిసిన జుట్టు పిండుకుంటూ బేబీరాణి నవ్వింది. ఆ నవ్వు నూకన్నకి నచ్చలేదు.

"ఎన్ని బకెట్లు పోస్తావత్తా? ఇదేం మొదటిసారి కాదు. ప్రతి ప్రాక్టికల్‌కీ నేనే చస్తాను."

ఏడవడానికి వచ్చినవాళ్లు మాడని చేపముక్కలతో అన్నాలు తిని సాయంత్రం ఫెర్రీకి వెళ్లిపోయారు. పోతూ పోతూ కూడా గురువమ్మ సందు చివర ఆగి, పిల్ల బతికే ఉందని ఎదురింటి తమిళావిడకి హిందీలో చెప్పింది. ఆవిడ నమ్మినట్టు కనబడలేదు.

ఆ చదువు నూకన్నకి మొదటినుంచీ ఇష్టం లేదు. అందులో చేర్పించింది అతని భార్య ఎరుకమ్మ. చేర్పించిన ఏడే కామెర్లతో పోయింది. నేరాల గురించి తెలుసుకోవడానికి కాలేజీ ఎందుకు, తెల్లారి జెట్టీలో చేపల వేలం చూస్తే సరిపోదా అని అతను అప్పట్లో అనేవాడు. భార్య పోయాక అనడం మానేశాడు. మానేశాడే గాని, పిల్ల అక్కడ ఏం చేస్తోందో అడిగింది లేదు. పొద్దున్నే బస్సెక్కుతోంది, సాయంత్రం దిగుతోంది. చదువంటే అంతే కదా అనుకున్నాడు.

ఆ సాయంత్రం అడిగాడు. కాళ్లు కట్టింది ఎవడని అడిగాడు.

మణికుమార్ అని చెప్పింది. మనవాళ్లేనంది. అబర్దీన్ బజారులో వాళ్లకి కొట్టుంది. శవం నిజం శవంలా ఉండాలంటే వేళ్లు కట్టాలని అతనే దారం తెచ్చాడట. సార్ మెచ్చుకున్నాడట.

ఎరుకమ్మ పోయినప్పుడు ఆమె వేళ్లు కట్టింది నూకన్నే. ముడి బిగించేటప్పుడు చెయ్యి ఎంత బరువెక్కుతుందో అతనికి తెలుసు. ఆ పని ఆటకి చేసినవాడి పేరు అతను మనసులో ఒకచోట పెట్టుకున్నాడు. అక్కడ పెట్టిన ఏ పేరునీ అతను ఇంతవరకూ తీసింది లేదు.

తర్వాత కూతురు మిగతాది చెప్పింది. తరగతి నిండా కుర్రాళ్లే, ఆడపిల్లలు ముగ్గురు. ప్రాక్టికల్ అంటే కాలేజీ వెనక పాత సామాన్ల షెడ్డు దగ్గర ఒక హత్య జరిగినట్టు అంతా అమరుస్తారు. విభాగానికి పెద్ద గోపినాథ్ సార్. ఆయన దగ్గర ఒక కార్డుల కట్ట ఉంటుంది. ఒకటి తీసి చదువుతాడు. భర్త గొంతు నులిమిన భార్య. అత్త విషం పెట్టిన కోడలు. ప్రేమించినవాడు తోసేసిన పిల్ల. ఏ కార్డు తీసినా చచ్చేది ఆడదే. కనక శవం ఆడపిల్లే కావాలి. ముగ్గురిలో బేబీరాణి సన్నంగా ఉంటుంది, ఎత్తడానికి తేలిక, పైగా నవ్వాపుకోగలదు. కనక శవం బేబీరాణి. రెండో పిల్ల అమ్ములుకి కన్నీళ్లు తొందరగా వస్తాయి కనక శవం తల్లి అమ్ములు. డిగ్లీపూర్ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న మూడో పిల్ల అందరికీ టీ తెస్తుంది. రికార్డులో ఆ పిల్ల పేరు ఎదురుగా సహకారం అని రాస్తారు.

దర్యాప్తు ఆఫీసరు ఎప్పుడూ కుర్రాడే. ఎక్కువసార్లు మణికుమార్. తాడు కట్టిన చోటికి వచ్చి, శవం చుట్టూ ఒకసారి తిరిగి, జేబులో చేతులు పెట్టుకుని, భర్తే చంపాడంటాడు. భర్త వేషం వేసిన కుర్రాడు పారిపోతాడు. అందరూ అరుచుకుంటూ వెంటపడి పట్టుకుంటారు. అంతటితో పరీక్ష అయిపోతుంది. శవం లేచి దుప్పటి మడతపెట్టి సామాన్ల గదిలో పెట్టాలి.

తాను కూడా ఒకసారి ఆఫీసరుగా చేస్తానని బేబీరాణి అడిగింది. కొలతలు తీసి, స్థలం పటం గీసి, నివేదిక రాసినవాళ్లకే మెయిన్‌ల్యాండ్‌లో ఫోరెన్సిక్ ల్యాబుకి పంపే అవకాశం ఉంది. నెల్లాళ్లు అక్కడ పని నేర్పుతారు. ఒక్కసారైనా ఆఫీసరుగా చెయ్యకపోతే దరఖాస్తే తీసుకోరు. ఇక మిగిలింది చివరి పరీక్ష ఒక్కటే.

గోపినాథ్ సార్ కాదనలేదు. ఆయన ఎవరినీ కాదనడు. స్త్రీలూ నేరమూ అన్న పాఠం ఆయనే చెబుతాడు. ఆ పాఠం రోజు ఆడపిల్లల్ని ముందు బెంచీలో కూర్చోబెట్టి ఫోటో తీయిస్తాడు. బేబీరాణి అడిగినప్పుడు ఆయన నవ్వి, దేఖో బేబీ, ఇది రాత్రీ పగలూ తిరిగే పని అన్నాడు. బేబీ అన్నప్పుడల్లా వెనక బెంచీలు నవ్వుతాయి. నవ్వించడానికే ఆయన అంటాడు. మహిళా విభాగం చూసే సరోజిని మేడమ్ దగ్గరికి వెళితే, ఆవిడ తలుపు వేసి మెల్లగా చెప్పింది. తాను ఇక్కడ పదిహేనేళ్లుగా సర్దుకుపోతోందట, ఒక్క పరీక్షకి సర్దుకోలేవా తల్లీ అంది. సర్దుకుపోవడంలో ఆవిడకి డాక్టరేటు ఇవ్వొచ్చు.

అంతా విని నూకన్న బీడీ ఆర్పాడు.

"మానేసీ" అన్నాడు. "సచ్చింది సాలు. రేపట్నించి ఎల్లకు."

 బేబీరాణి కాళ్లు ముడుచుకుని గోడకి ఆనుకుంది.

"మానేస్తే సార్ చెప్పిందే నిజమవుద్ది నాన్నా."

"ఏటి సెప్పినాడు?"

"ఆఫీసరుగా నన్ను పెట్టడానికి ఆయనకి ఏ అడ్డూ లేదంట. మా నాన్నే ఒప్పుకోడంట. మచ్ఛీవాలా ఫ్యామిలీ, తల్లి లేదు, తండ్రి మొండి మనిషి, రేపు గొడవైతే కాలేజీ మీదికొస్తాడని క్లాసులో అందరి ముందూ చెప్పాడు. నేనేమీ అనలేదు. నువ్వొప్పుకుంటావో లేదో నాకూ తెలీదు కదా."

నూకన్న ఇంకో బీడీ తీశాడు, వెలిగించలేదు. తనను ఎవరూ ఏమీ అడగలేదు. కాలేజీ గేటు ఏ వైపు ఉంటుందో కూడా అతనికి తెలీదు. అయినా అక్కడ తరగతి గదిలో, తన నోటితో, తాను లేనప్పుడు, ఎవడో వద్దని చెప్పేశాడు. జెట్టీలో ఒకడి చేపని ఇంకొకడు తన పేరు మీద వేలం వేస్తే అక్కడికక్కడే తేల్చుకుంటారు. ఇది అంతకన్నా నీచం అనిపించింది.

మానెయ్యమని మళ్లీ అనలేదు. వెళ్లమనీ అనలేదు.

చివరి పరీక్ష రోజు పొద్దున నూకన్న జెట్టీలో పడవ కడుగుతున్నాడు. తెలియని నెంబరు నుంచి ఫోను వచ్చింది. అవతల గోపినాథ్. చాలా మర్యాదగా మాట్లాడాడు. మెయిన్‌ల్యాండ్ నుంచి పరీక్షకుడు వచ్చి కూర్చున్నాడని, అన్నీ సిద్ధంగా ఉన్నాయని, మీ అమ్మాయి మాత్రం పడుకోనని మొండికేసిందని చెప్పాడు. శవం లేకపోతే పరీక్ష జరగదు, తరగతి మొత్తం నష్టపోతుంది. తండ్రిగా మీరొచ్చి ఒక్క మాట చెబితే వింటుందన్నాడు.

నూకన్న వస్తానన్నాడు. తడి లుంగీ మీదే చొక్కా వేసుకుని ఆటో ఎక్కాడు. చేపల వాసనకి ఆటోవాడు ముక్కు మూసుకున్నాడు. మూసుకోనీ.

కాలేజీ వెనక షెడ్డు ముందు నాలుగు కర్రలు పాతి చుట్టూ పసుపు తాడు కట్టారు. లోపల ఒక విరిగిన కుర్చీ, చీర ముక్క, బోర్లాపడిన చెంబు. మధ్యలో దుప్పటి ఖాళీగా పరిచి ఉంది. తాడుకి ఇవతల కుర్రాళ్లు గుంపుగా నిలబడ్డారు. ఇంకో పక్క బేబీరాణి ఒక్కతే, చేతులు కట్టుకుని ఉంది. తండ్రిని చూసి మొహం తిప్పుకుంది. పిలిపించారని ఆ పిల్లకి అర్థమైపోయింది. ఏం చెప్పడానికి పిలిపించారో కూడా.

నీడలో కుర్చీ వేసుకుని పరీక్షకుడు లోకనాథం కూర్చున్నాడు. పోలీసు శాఖలో పనిచేసి దిగిపోయినవాడు. మాటిమాటికీ చేతి గడియారం చూసుకుంటున్నాడు. ఆయనకి న్యాయం మీద గాని, అన్యాయం మీద గాని ఆ పూట ఆసక్తి లేదు. మధ్యాహ్నం ఫ్లైటు మీద ఉంది.

గోపినాథ్ ఎదురొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు. ఆయన తాత కూడా నూకన్న తాత వచ్చిన ఓడలాంటి ఓడలోనే ఈ దీవికి వచ్చి, ఇక్కడే వల లాగాడు. మనవడు ఆ సంగతి కులం వాళ్ల మీటింగుల్లో మాత్రమే చెబుతాడు.

"రండి నూకన్న గారూ. చూడండి, చిన్న విషయానికి ఎంత జిద్దు చేస్తోందో. మీరే సంఝాయించండి."

"నానొప్పుకోనని సెప్పినారంట" అన్నాడు నూకన్న.

"ఏది?"

"పిల్ల ఆఫీసరు పని సేత్తానంటే నాన్న ఒప్పుకోడని. నన్నెప్పుడడిగినారు?"

గోపినాథ్ నవ్వాడు. చుట్టూ చూసి, ఇంకెవరూ నవ్వకపోయేసరికి కొంచెం తగ్గించాడు. "అరే, అది ఊరికే అన్నమాట. మన కుటుంబాల సంగతి మనకి తెలీదా? ఆడపిల్లని రోడ్డు మీద శవాల మధ్య తిరగనిస్తామా?"

"శవంగా అయితే తొంగోబెడతారు."

ఎవరో కుర్రాడు ఫక్కుమన్నాడు. లోకనాథం తలెత్తి, శవం దొరికిందా లేదా, ఎవరో ఒకరు పడుకోండి, ఇంకో అరగంటలో నేను లేచి వెళ్లిపోతాను, అందరికీ సున్నాలు రాసి పోతాను అన్నాడు.

సున్నాలనేసరికి తరగతి కదిలింది. గోపినాథ్ మొదట అమ్ములుని చూశాడు. నేను శవం తల్లిని కదా సర్, నేనే శవమైతే ఏడ్చేదెవరు అని అమ్ములు అడిగింది. అందులో తప్పు పట్టడానికి ఆయనకి ఏమీ దొరకలేదు. డిగ్లీపూర్ పిల్ల అప్పటికే టీ గ్లాసులు తీసుకుని మాయమైంది. ఇక కుర్రాళ్లు మిగిలారు. శవం కావడానికి ఏం ప్రత్యేకత ఉండాలి, ఎవరైనా పడుకోవచ్చన్నాడు లోకనాథం.

అప్పుడు బయటపడింది సంగతి. ఒకడికి తండ్రి పోయి ఏడాది తిరగలేదు, అందుకని పడుకోకూడదు. ఒకడి అన్న పెళ్లికి ఇంట్లో పసుపు దంచారు, అందుకని పడుకోకూడదు. ఒకడి అమ్మమ్మకి తెలిస్తే గుండె ఆగిపోతుంది. మణికుమార్ చేతులు వెనక్కి పెట్టుకుని తల దించుకున్నాడు.

"మా అమ్మకి నేనొక్కడినే సర్. తెల్లదుప్పటి కప్పుకుంటే అపశకునం అంటుంది. ఒట్టేయించుకుంది."

"మరి నా కూతురు?" అన్నాడు నూకన్న.

  ఆ ప్రశ్న మణికుమార్‌కి ఇంతవరకూ తట్టలేదు. దారం మాత్రం తట్టింది.

గోపినాథ్ వైపు ఎవరూ చూడలేదు గాని, ఆయన తనంతట తానే తనకి నడుము నొప్పి అని చెప్పుకున్నాడు. వేదిక మీద మగవాళ్లూ ఆడవాళ్లూ సమానమని గంటసేపు నిలబడి చెప్పగలిగే నడుమే అది.

నూకన్న తాడు ఎత్తి కిందనుంచి లోపలికి దూరాడు. దుప్పటి మీద నిలబడ్డాడు. తడి లుంగీ నుంచి నీళ్లు కారి దుప్పటి మీద మరకలు పడ్డాయి.

"నాను తొంగుంటాను" అన్నాడు లోకనాథం వైపు చూసి. "ఒకటే మాట. నన్ను మా పిల్లే సూడాలి. ఇంకెవుడు ముట్టుకున్నా లేచి ఎలిపోతాను."

గోపినాథ్ అడ్డం వచ్చాడు. ఈరోజు ఆఫీసరు మణికుమార్ అని ముందే నిర్ణయమైపోయిందన్నాడు. పైగా కార్డులో భార్య అని ఉంది, భర్త గొంతు నులిమిన భార్య. యాభై ఏళ్లు దాటిన మగమనిషి భార్య ఎలా అవుతాడన్నాడు. లోకనాథం అయితే ఇంకో కార్డు తియ్యమన్నాడు. గోపినాథ్ కట్ట తీసి వెతికాడు. మొదటినుంచి చివరిదాకా, చివరినుంచి మొదటిదాకా తిప్పాడు. భార్య, కోడలు, కూతురు, ప్రియురాలు, పనిమనిషి. మగవాడు చచ్చే కార్డు ఆ కట్టలో లేదు. ఇన్నేళ్లలో ఆయన ఊహలో ఒక్క మగవాడూ చావలేదు.

"కార్డు అవతల పెట్టండి" అన్నాడు లోకనాథం విసుగ్గా. "ఎవరో ఒకాయన చచ్చి పడున్నాడు. అమ్మాయ్, నీ పేరేంటి?"

"బేబీరాణి సర్."

"మొదలుపెట్టు. దర్యాప్తు ఆఫీసరుగా నీ పేరే రాసుకుంటున్నాను. ఎలా చస్తావో చావు."

"చావను సర్" అంది బేబీరాణి. అని టేపు కోసం మణికుమార్ ముందు చెయ్యి చాపింది. అతను గోపినాథ్ వైపు చూశాడు. ఆయన ఆకాశం వైపు చూశాడు. టేపు చేతులు మారింది.

నూకన్న వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకున్నాడు. వీపు కింద గులకరాళ్లు గుచ్చుకున్నాయి. ఇలా పిల్ల ఎన్ని మధ్యాహ్నాలు పడుకుందో అనుకున్నాడు. ఒళ్లు మండింది. శవం కాబట్టి ఊరుకున్నాడు.

అడుగుల చప్పుడు తిన్నగా దగ్గరికి రాలేదు. తాడు పక్కగా చుట్టూ తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. లోపలికి వచ్చే దారి ఒకటే, అందరూ అటునుంచే రావాలని కూతురి గొంతు చెప్పింది. ఒక కుర్రాడు గీత దాటి వచ్చినట్టున్నాడు, వెనక్కి వెళ్లమంది. ఇంట్లో ఉప్పు తెమ్మని చెప్పే గొంతే. అయినా ఆ కుర్రాడు వెళ్లాడు.

తర్వాత ఆమె పక్కన కూర్చుని అమ్ములుతో రాయించడం మొదలుపెట్టింది. అమ్ములు తన వంతు ఏడుపు మానేసి రాసుకుంది.

"పురుషుడు. వయసు యాభైకి పైన. తల ఉత్తరం వైపు. లుంగీ తడిగా ఉంది, ఉప్పునీళ్లు. కుడి అరచేతిలో అడ్డంగా కోతలు. పాతవి, మానిపోయినవి. తాడు లాగినవి కావచ్చు. కావచ్చు అనే రాయి, అనుమానం కదా. ఎడమ చెవి కింద కాలిన మచ్చ."

ఆ మచ్చ స్టవ్ పేలినప్పటిది. పెళ్లయిన కొత్తలో ఎరుకమ్మ చూసింది. ఆ తర్వాత ఎవరూ చూసినట్టు నూకన్నకి తెలీదు.  

అప్పుడు చొక్కా జేబులో ఫోను మోగింది. ఐసు బండి ధనరాజు అయ్యుంటాడు, ఐసు దించాలా వద్దా అని. కుర్రాళ్లు నవ్వారు. శవానికి ఫోనొచ్చిందిరా అన్నాడొకడు. బేబీరాణి నవ్వలేదు. చేతికి గ్లవుజు తొడుక్కుని, ఫోను అంచులు పట్టుకుని తీసి, ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో రాయించి, కవర్లో వేసింది. చచ్చినవాడి కోసం చివరగా వెతికినవాడు ఎవరో తెలిసింది, ఇతన్ని ముందు విచారించాలంది. ధనరాజు పేరు అలా కేసులోకి ఎక్కింది. నవ్వులు ఆగిపోయాయి.

"చంపింది ఎవరో చెప్పవా?" అని అడిగాడు లోకనాథం. గడియారం చూసుకోవడం మానేశాడో, లేక అలవాటుగా అడిగాడో తెలీదు.

"ఇప్పుడే చెప్పలేను సర్. చంపారనే చెప్పలేను. ఒంటి మీద కొత్త దెబ్బ లేదు. మెడ మీద గుర్తు లేదు. పోస్ట్‌మార్టం కావాలి."

"కార్డులో ఉన్న భర్తని పట్టుకోవా?"

"చచ్చిందే భర్త సర్, ఆయన పెళ్లాం పోయి రెండేళ్లయింది. ఇంకెవర్ని పట్టుకోను?"

లోకనాథం హుఁ అన్నాడు. కలం చప్పుడైంది. కాగితం గోపినాథ్ చేతికిస్తూ, ఇంతవరకూ ఈ పిల్లని ఎక్కడ దాచారయ్యా అన్నాడు. జవాబు కోసం ఆగకుండా కారెక్కాడు. ఆయన పొగిడాడో, ఫ్లైటుకి టైమైందన్న హడావిడిలో అన్నాడో గాని, ఆఫీసరు పేరు ఉండాల్సిన గడిలో బేబీరాణి అని పడింది. ల్యాబు దరఖాస్తుకి అది చాలు.

కారు వెళ్లాక గోపినాథ్ మొహం మారింది. చప్పట్లు కొట్టాడు. చూశారా, మన విభాగం ఆడపిల్లలకి ఎలాంటి అవకాశాలు ఇస్తుందో అని కుర్రాళ్లకి చెప్పాడు. ఒకణ్ని బ్యానరు తెమ్మన్నాడు, ఇంకొకణ్ని ఫోను తియ్యమన్నాడు. మత్స్యకారుడైన తండ్రి, ఆఫీసరైన కూతురు, మధ్యలో తాను. ఆ ఫోటో ఎక్కడెక్కడికి పంపాలో అప్పుడే ఆలోచిస్తున్నట్టు ఉంది మొహం. తాడు దాటి లోపలికి వచ్చి, వంగి, నూకన్న వైపు చెయ్యి చాపాడు.

"లేవండి నూకన్న గారూ. హో గయా. షాబాష్. మా కాలేజీకి మీలాంటి తండ్రులే కావాలి."

నూకన్న కళ్లు తెరవలేదు. చాపిన చెయ్యి అలాగే ఉంది.

"సర్, బయటికి వెళ్లండి" అంది బేబీరాణి. మోకాళ్ల మీద అట్ట పెట్టుకుని స్థలం పటం గీస్తోంది. తలెత్తలేదు.

"పరీక్ష అయిపోయింది కదా బేబీ."

"మార్కులు అయిపోయాయి సర్. పటం అవలేదు. మీ బూట్ల గుర్తులు పడ్డాయి, ఇప్పుడు అవి కూడా గియ్యాలి. వచ్చిన దారినే వెళ్లండి. బాడీని ముట్టుకోకండి."

కుర్రాళ్లు ఎటు చూడాలో తెలీక ఒకరినొకరు చూసుకున్నారు. బ్యానరు సగం విప్పినవాడు సగంలోనే ఆగిపోయాడు. బేబీ అన్న మాటకి ఈసారి ఎవరూ నవ్వలేదు. గోపినాథ్, కూతుర్ని వదిలి తండ్రి వైపు తిరిగాడు. గొంతు తగ్గించి, మీరైనా చెప్పండి, పెద్దవాళ్లు కదా అన్నాడు.

నూకన్న ఒక కన్ను తెరిచాడు.

"నాను సచ్చిపోనాను సార్" అన్నాడు. "ఏదున్నా ఆఫీసరుతో మాటాడండి."

కన్ను మూసుకున్నాడు. కొంచెంసేపటికి బూట్లు గులకరాళ్ల మీద వెనక్కి నడిచిన చప్పుడు వినబడింది.